టేబుల్ మీద ఫోను.. జవాబు జీరో కాదు!

ఇంటర్వ్యూ మూడో రౌండ్. మొదటి రెండూ బాగానే గడిచాయి. సి లాంగ్వేజ్‌లో పాయింటర్లు అడిగారు, చెప్పాను. మైక్రోకంట్రోలర్ల మీద అడిగారు, అదీ చెప్పాను. ఫిట్‌నెస్ బ్యాండ్లు తయారుచేసే చిన్న కంపెనీ అది. జీతం మరీ ఎక్కువేం కాదు. కానీ బీటెక్ అయ్యాక పద్నాలుగు నెలలు అమీర్‌పేట హాస్టల్లో గడిపినవాడికి ఆ అంకె చాలా పెద్దగానే కనిపిస్తుంది. రెండో రౌండ్ అవ్వగానే ఇంటికి ఫోన్ చేసి ‘దాదాపు వచ్చినట్టే నాన్నా’ అని కూడా చెప్పేశాను.

మూడో రౌండ్లో ఉన్న పెద్దాయన నా రెజ్యూమె వైపు కూడా చూడలేదు. తన ఫోను తీసి టేబుల్ మీద పెట్టారు. “ఇది కదలడం లేదు కదా. దీంట్లో యాక్సెలరోమీటర్ ఇప్పుడు ఎంత చూపిస్తుంది?” అన్నారు.

యాక్సెలరోమీటర్ అంటే త్వరణాన్ని కొలిచే సెన్సార్. ఫోను కదలట్లేదు. కదలని వస్తువుకి త్వరణం ఎక్కణ్నుంచి వస్తుంది? “జీరో సర్” అన్నాను. ఆయన తలూపి, “సరే, దీన్ని ఇక్కణ్నుంచి వదిలేశాననుకో. కింద పడేలోపు ఎంత చూపిస్తుంది?” అన్నారు. ఇది ఇంకా ఈజీ అనుకున్నా. “9.8 సర్.”

రెండూ తప్పు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రెండు జవాబుల్నీ తారుమారు చేసి చెప్పాను. టేబుల్ మీద కదలకుండా ఉన్న ఫోను 9.8 చూపిస్తుంది, అదీ పైవైపుకి. కింద పడుతున్న ఫోను సున్నా చూపిస్తుంది. ఆయన యాప్ తెరిచి నా కళ్ల ముందే చూపించారు. ‘థాంక్యూ, మీకు మెయిల్ వస్తుంది’ అన్నారు. ఆ మెయిల్ ఎలాంటిదో మీకు తెలుసు.

ఉద్యోగం పోయిన బాధ ఓ పదిరోజుల్లో తగ్గింది. ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. ఇంటర్మీడియట్‌లో గురుత్వాకర్షణ చాప్టర్ బట్టీ పట్టి, ఎంసెట్‌లో లెక్కలు చేసి, ఇంజినీరింగ్ ఫిజిక్స్ పాసై వచ్చినవాణ్ని. అసలు గురుత్వాకర్షణ అంటే ఏంటో నాకు తెలియదని ఒక ఫోను తేల్చేసింది.

చిప్‌లో ఏం జరుగుతోంది?

ఫోన్లోని యాక్సెలరోమీటర్ ఒక సిలికాన్ చిప్. అందులో కంటికి కనిపించనంత చిన్న సిలికాన్ ముక్క, సన్నటి స్ప్రింగుల్లాంటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది. చిప్‌ని ఎటైనా కుదిపితే ఆ ముక్క కాస్త వెనకపడుతుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడినవాళ్లు వెనక్కి తూలినట్టే. అది ఎంత జరిగిందో పక్కనున్న పలకల కెపాసిటెన్స్ మారడాన్ని బట్టి చిప్ లెక్కకడుతుంది. ఇంతే యంత్రాంగం.

ఇప్పుడు టేబుల్ మీది ఫోను సంగతి. చిప్ చట్రాన్ని టేబుల్ కిందినుంచి ఆపి పట్టుకుంది. లోపలి ముక్కను పట్టుకున్నవి స్ప్రింగులు మాత్రమే కాబట్టి అది కొంచెం కిందికి జారి, స్ప్రింగులు సాగుతాయి. ఆకాశంలో ఎక్కడో, ఏ గ్రహమూ దగ్గర్లో లేని చోట, రాకెట్ ఒకటి ఈ ఫోన్ని 9.8 త్వరణంతో పైకి తోస్తున్నా స్ప్రింగులు సరిగ్గా ఇంతే సాగుతాయి. చిప్‌కి ఈ రెండింటికీ తేడా తెలియదు. అందుకే ‘నన్నెవరో పైకి నెడుతున్నారు’ అని చెబుతుంది.

అదే ఫోన్ని వదిలేస్తే? చట్రమూ, ముక్కా ఒకే తీరున పడుతున్నాయి. ఒకటి ఇంకోదాన్ని లాగే పని లేదు. స్ప్రింగులు మామూలు స్థితికి వచ్చేస్తాయి. రీడింగ్ సున్నా.

నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసింది. అందులో ‘గ్రావిటీతో కలిపి త్వరణం’ చూపే ఆప్షన్ తెరిచి, రికార్డింగ్ మొదలుపెట్టి, ఫోన్ని మంచం మీది పరుపు మీదకి వదలండి (దయచేసి పరుపు మీదకే, నేను దిండు గురి తప్పి స్క్రీన్ గార్డ్ ఖర్చు పెట్టుకున్నా). మీటరు ఎత్తు నుంచి పడటానికి అర సెకను కూడా పట్టదు. ఆ కాసేపట్లో గ్రాఫ్ 9.8 నుంచి దాదాపు సున్నాకి పడి, పరుపు తగలగానే పైకి ఎగురుతుంది. హార్డ్‌డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఈ సున్నానే పనికొచ్చేది. రీడింగ్ సున్నాకి రాగానే ‘పడిపోతున్నాం’ అని గ్రహించి, నేలను తాకేలోపే డిస్క్ హెడ్‌ని పక్కకి లాగేసేవి.

ఎంబెడెడ్ వైపు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఆండ్రాయిడ్‌లో యాక్సెలరోమీటర్, గ్రావిటీ, లీనియర్ యాక్సెలరేషన్ అని మూడు సెన్సార్లు ఉన్నట్టు కనిపిస్తాయి. సాధారణంగా అసలు చిప్ కొలిచేది మొదటిదే. మిగతా రెండూ సాఫ్ట్‌వేర్ వేసే లెక్కలు. ‘గ్రావిటీని కొలిచే చిప్’ అంటూ ఫోన్లో ఏదీ ఉండదు.

బరువు అంటే నేల చేసే పని

ఒంటికి కూడా ఇదే లెక్క. మనకు తెలిసే ‘బరువు’ భూమి లాగడం వల్ల కలిగే అనుభూతి కాదు. అరికాళ్లను నేల, వీపుని కుర్చీ నెట్టడం వల్ల కలిగేది. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదో జారినట్టు ఉంటుందే, అప్పుడు భూమి మనల్ని కొత్తగా ఏమీ చెయ్యలేదు. కింద సీటు నెట్టడం తగ్గించింది, అంతే.

2021 జులైలో మన తెలుగమ్మాయి శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ విమానంలో వెళ్లి గాల్లో తేలిన వీడియో గుర్తుందా? ‘అంత ఎత్తులో గ్రావిటీ ఉండదు’ అని అప్పట్లో చాలామంది రాశారు. ఆ విమానం వెళ్లింది భూమికి సుమారు 86 కిలోమీటర్ల పైకి. అక్కడ గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదాంట్లో 97 శాతం ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా 90 శాతం దాకా ఉంటుంది. వాళ్లు తేలేది గ్రావిటీ లేక కాదు, వాళ్లూ వాళ్ల వాహనమూ కలిసి పడుతూ ఉండటం వల్ల. గ్రూప్స్ ప్రిపేరయ్యేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు.

న్యూటన్ వదిలేసిన ప్రశ్న

1687లో న్యూటన్ ఇచ్చిన సూత్రం మనందరికీ నోటికి వచ్చు. రెండు ద్రవ్యరాశులు, మధ్య దూరం, ఒక స్థిరాంకం. శ్రీహరికోట నుంచి రాకెట్ వెళ్లడానికి ఇవాళ్టికీ ప్రధానంగా ఆ లెక్కలే చాలు. కానీ మధ్యలో ఏమీ లేకుండా సూర్యుడు భూమిని ఎలా పట్టుకుంటున్నాడు? ఈ ప్రశ్న న్యూటన్‌నీ తొలిచింది. 1713లో వచ్చిన తన పుస్తకం రెండో కూర్పులో ఆయన దాచుకోకుండా ఒప్పుకున్నాడు: గురుత్వాకర్షణ ఎలా పనిచేస్తుందో లెక్క చెప్పగలను, దాని కారణం మాత్రం కనుక్కోలేకపోయాను, ఊరికే ఊహలు అల్లను అని. బట్టీ పట్టిన మనం గానీ, రాసినాయన ఏనాడూ అంతా తెలిసిపోయిందని అనుకోలేదు.

రెండు వందల ఏళ్ల తర్వాత ఆ ప్రశ్న ఒక గుమస్తా చేతికి వచ్చింది. ఐన్‌స్టీన్ 1900లో చదువు పూర్తిచేశాడు. యూనివర్సిటీల్లో పోస్టు దొరకలేదు. ట్యూషన్లు చెప్పుకుంటూ రెండేళ్లు గడిపాక, 1902లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. (మన పద్నాలుగు నెలలు ఏపాటివి!) 1907లో ఆ ఆఫీసు కుర్చీలోనే అతనికొక ఆలోచన తట్టింది: ఇంటి పైకప్పు మీంచి పడిపోతున్న మనిషికి, పడుతున్నంతసేపూ తన బరువు తనకు తెలియదు కదా! తన జీవితంలో అంత సంతోషాన్నిచ్చిన ఆలోచన ఇంకోటి లేదని తర్వాత రాసుకున్నాడు.

పరుపు మీదకి పడే ఫోను సున్నా చూపించడమూ, ఈ ఆలోచనా ఒకటే. పడుతున్న వస్తువు మీద ఏ బలమూ లేదు. బలం పడేది ఆగి ఉన్నవాళ్ల మీద. ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్న మనల్నే నేల ఎడతెరిపి లేకుండా పైకి నెడుతోంది.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. నాకైతే వచ్చింది. హైదరాబాద్‌లో నేల నన్ను పైకి నెడుతోంది. భూగోళానికి అవతలి వైపు, అమెరికాలో ఉన్న నా క్లాస్‌మేట్‌నీ అక్కడి నేల ‘పైకి’ నెడుతోంది. అంటే దాదాపు నాకు ఎదురు దిశలో. రెండువైపులా నేల బయటికి త్వరణంతో వెళ్తుంటే ఈపాటికి భూమి బెలూన్‌లా ఉబ్బిపోవాలి కదా? ఉబ్బట్లేదు. ఎందుకని?

ఈ చిక్కుముడి విప్పడానికి ఐన్‌స్టీన్‌కే ఎనిమిదేళ్లు పట్టింది. 1915 నవంబర్‌లో వచ్చిన జవాబు: స్థలం, కాలం కలిసిన అల్లిక, అంటే స్పేస్‌టైమ్, చదునుగా లేదు. భూమి లాంటి బరువైన వస్తువు చుట్టూ అది వంగి ఉంటుంది.

వంపు అనగానే యూట్యూబ్‌లో రబ్బరు షీటు మీద ఇనప గుండు పెట్టి చూపిస్తారు. నాకది నచ్చదు. గుండు కిందికి ఎందుకు దిగింది? గ్రావిటీ వల్ల. గ్రావిటీని వివరించడానికి గ్రావిటీనే అప్పు తెచ్చుకున్నట్టు. దానికంటే గ్లోబు మేలు.

భూమధ్యరేఖ మీద ఇద్దరు నిలబడ్డారనుకోండి. ఒకరు హైదరాబాద్‌కి తిన్నగా దక్షిణాన, ఇంకొకరు విశాఖపట్నానికి తిన్నగా దక్షిణాన. మధ్య దూరం సుమారు 530 కిలోమీటర్లు. ఇద్దరూ పక్కకి తిరక్కుండా సూటిగా ఉత్తరానికి బయల్దేరారు. మొదట్లో ఇద్దరి దారులూ సమాంతరమే. కానీ పైకి వెళ్లేకొద్దీ మధ్య దూరం తగ్గుతుంది. అరవై డిగ్రీల అక్షాంశం దగ్గర సగమైపోతుంది. ఉత్తర ధ్రువం దగ్గర ఇద్దరూ ఢీకొంటారు. మధ్యలో ఎవరూ ఎవర్నీ లాగలేదు, తాడు లేదు, బలం లేదు. గుండ్రంగా ఉన్న నేల మీద తిన్నగా నడిచారు, అంతే. గుండ్రమని తెలియనివాడు చూస్తే, ‘వీళ్ల మధ్య ఏదో ఆకర్షణ ఉంది’ అంటాడు.

పడే రాయీ, తిరిగే చందమామా చేస్తున్నది ఈ తిన్నటి నడకే. మనం ఆ దారిలో వెళ్లకుండా నేల అడ్డం పడి పక్కకి తోస్తోంది. రోడ్డు మలుపు తిరిగేచోట అదే దూరంలో ఉండాలంటే స్టీరింగ్ తిప్పి పట్టుకోవాల్సినట్టు, వంగిన స్పేస్‌టైమ్‌లో ‘ఒక్కచోటే’ ఉండాలంటే ఎడతెగని త్వరణం కావాలి. భూమి ఉబ్బకపోవడానికి కారణం అదే.

మరి ఆగి ఉన్న రాయి, వదలగానే కదలడం ఎందుకు మొదలుపెడుతుంది? ఆగి ఉన్నది స్థలంలో మాత్రమే. కాలంలో అందరం ముందుకు పోతూనే ఉన్నాం. భూమి దగ్గర ముఖ్యంగా వంగింది ఆ కాలమే. కింద గడియారం నెమ్మదిగా, పైన గడియారం వేగంగా నడుస్తాయి. ఇది కవిత్వం కాదు, కొలిచారు. 1960లో హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా అనే ఇద్దరు 22.5 మీటర్ల ఎత్తు తేడాలోనే దీన్ని పట్టుకున్నారు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థలో రెండు అణు గడియారాల మధ్య ఒక్క అడుగు ఎత్తు తేడాకే ఇది కనిపించింది. 2022కల్లా ఒక్క మిల్లీమీటరు తేడాని కూడా విడదీసి చూడగలిగారు.

మీ జేబులో కూడా ఇది పనిచేస్తోంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. గ్రావిటీ తక్కువ కాబట్టి వాటి గడియారాలు రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకెళ్తాయి. వేగంగా తిరుగుతున్నందుకు 7 మైక్రోసెకన్లు వెనకపడతాయి. నికరంగా 38 ముందుకి. ఎంతలే అనుకోకండి, అంతసేపట్లో కాంతి 11 కిలోమీటర్లు దాటిపోతుంది. అందుకే 10.23 మెగాహెర్ట్జ్ దగ్గర కొట్టుకోవాల్సిన గడియారాన్ని, భూమి మీద ఉండగానే 10.22999999543కి సెట్ చేసి పైకి పంపుతారు. ఫుడ్ డెలివరీ బాయ్ మన గుమ్మం వెతుక్కుంటూ రావడం వెనక ఐన్‌స్టీన్ సమీకరణం ఉందంటే అతిశయోక్తి కాదు. మా హాస్టల్ సందు మాత్రం ఐన్‌స్టీన్‌కి కూడా దొరికేది కాదు, అది వేరే కథ.

నీళ్లను తూచిన ఉపగ్రహాలు

2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో డిటెక్టర్లు రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన గురుత్వ తరంగాన్ని పట్టుకున్న సంగతి మీరు చదివే ఉంటారు. అలాంటిదే మన దేశంలో, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రాబోతోంది. మన నిజామాబాద్ దాటితే నాందేడ్, దాని పక్క జిల్లా అది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ 2,600 కోట్ల రూపాయలతో ఆమోదించింది. నాలుగు కిలోమీటర్ల పొడవున్న చేతుల్లో, ప్రోటాన్ కంటే వెయ్యోవంతు కన్నా చిన్న తేడాని కొలవాలి. దానికి లేజర్లు, వాక్యూమ్, కంట్రోల్ సిస్టమ్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసిన ఇంజినీర్లు కావాలి. పుణెలోని ఐయూకా, ఇండోర్‌లోని ఆర్ఆర్‌క్యాట్, గాంధీనగర్‌లోని ప్లాస్మా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇందులో ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లు బుక్‌మార్క్ చేసుకోండి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం గ్రేస్. 2002లో నాసా, జర్మనీ కలిసి పంపిన రెండు ఉపగ్రహాలు. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరిగేవి. కింద బరువు ఎక్కువున్న ప్రాంతం వస్తే ముందుది కాస్త ముందుగా ఆ ప్రభావానికి లోనై దూరం మారేది. ఆ మార్పుని మైక్రాన్లలో కొలిచేవారు. నేలను ఫొటో తీసే పని లేదు. తమ మధ్య దూరం తప్ప నేలవైపు చూసిందేమీ లేదు. ఆ లెక్కలతో 2009లో తేల్చిందేంటంటే, 2002 నుంచి 2008 మధ్య రాజస్థాన్, పంజాబ్, హరియాణాల్లో 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం ఖాళీ అయిందని. మన భాషలో దాదాపు 3,800 టీఎంసీలు. నాగార్జునసాగర్ లాంటివి పన్నెండు. బోర్లు ఎంత లోతు వేశారో ఎవర్నీ అడక్కుండా, పోయిన నీళ్ల బరువుని ఆకాశం నుంచి తూచేశారు. బోరు ఎండిపోయిన ఇంట్లో పుట్టినవాడిగా నాకు కృష్ణబిలాలకంటే ఇదే దగ్గరగా అనిపించింది.

ఈ పని ఆకాశంలోనే చెయ్యక్కర్లేదు. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్ఐ 1961 నుంచి భూమి లోపలి సంగతులు చూస్తోంది. గ్రావిమీటర్ అనే పరికరంతో చోటు చోటుకీ గురుత్వంలో వచ్చే సన్నటి తేడాలు కొలిచి, కింద ఎలాంటి రాయి ఉందో అంచనా వేస్తారు. ఆ తేడా ఎంత చిన్నదంటే, తిరుపతిలో బరువు చూసుకుని తిరుమలలో మళ్లీ చూసుకుంటే ఎత్తు వల్ల వచ్చే తేడా కొన్ని గ్రాములే ఉంటుంది. (నడక దారిలో చెమట రూపంలో పోయేది ఇంతకన్నా చాలా ఎక్కువ.) జియోఫిజిక్స్ ఆంధ్రా యూనివర్సిటీలోనూ, ఉస్మానియాలోనూ ఉంది. గేట్‌లో జియాలజీ, జియోఫిజిక్స్‌కి విడిగా పేపరుంది. సెన్సార్ల వైపు ఆసక్తి ఉంటే ఇస్రోకి తిరువనంతపురంలో ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్ ఉంది. రాకెట్‌కి ‘నేనెటు పోతున్నాను’ అని చెప్పే గైరోలు, యాక్సెలరోమీటర్లు అక్కడివే. సీఎస్ఈ తప్ప దారి లేదనుకునేవాళ్ల కోసం ఇదంతా చెబుతున్నా.

అంతా తేలిపోయిందా అంటే, లేదు. విద్యుత్తు, అణువుల్లోని బలాలు క్వాంటం లెక్కకి లొంగాయి. గ్రావిటీ ఇంకా లొంగలేదు. గ్రావిటాన్ అనే కణం ఉండొచ్చంటారు గానీ ఎవరూ చూడలేదు. 1798లో కేవెండిష్ చేసిన ప్రయోగం నుంచి ఇప్పటిదాకా ఎందరు కొలిచినా, న్యూటన్ సూత్రంలోని ఆ స్థిరాంకమే మిగతా ప్రకృతి స్థిరాంకాలతో పోలిస్తే తక్కువ కచ్చితత్వంతో తెలిసింది.

ఆ ఇంటర్వ్యూ జరిగి ఆరేళ్లవుతోంది. వేరే కంపెనీలో చేరాను, సెన్సార్ల పనే. పోయిన ఏడాది నుంచి నన్నూ ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చోబెడుతున్నారు. సహజంగానే నా ఫోను టేబుల్ మీద పెట్టి అదే ప్రశ్న అడుగుతున్నాను. ఎక్కువమంది జీరో అంటారు. కొందరు 9.8 అని టక్కున చెబుతారు. ఎందుకని అడిగితే ‘గ్రావిటీ సర్’ అని ఆగిపోతారు. మొన్న అనంతపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం వెంటనే జవాబు చెప్పలేదు. ఫోను వైపు కాసేపు చూసి, “ఏ యాక్సిస్ అడుగుతున్నారు సర్? ఇప్పుడు స్క్రీన్ పైకి ఉంది, టేబుల్ దాన్ని పైకి నెడుతోంది కాబట్టి జెడ్‌లో ప్లస్ 9.8 రావాలి. బోర్లా పెడితే మైనస్ వస్తుంది” అంది. లేచి ఫోన్ని బోర్లా తిప్పి పెట్టింది. నేను యాప్ తెరిచాను.